పసివాళ్లకు మత్తులో శ్వాసగొట్టం: చేయవలసినవి, చేయకూడనివి

ఆరు నెలలు నిండని ఆరోగ్యవంతమైన పసివాడికి మాస్కుతో నిండుగా ఆక్సిజన్ పట్టి, మత్తిచ్చాక ఊపిరి ఆగితే, రక్తంలో ఆక్సిజన్ 90 శాతానికి పడిపోవడానికి సుమారు ఒకటిన్నర నిమిషం చాలు. పదిహేనేళ్ల కుర్రాడికైతే ఆరు నిమిషాల దాకా వ్యవధి ఉంటుంది. జలుబు చేసిన బిడ్డకు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, పొట్ట ఉబ్బిన బిడ్డకు ఆ ఒకటిన్నర నిమిషం కూడా దొరకదు. కింద రాసిన జాగ్రత్తలన్నీ దాదాపు ఈ ఒక్క లెక్క నుంచి పుట్టినవే.

ఇది ముఖ్యంగా అనస్థీషియా పీజీల కోసం, ఎప్పుడో ఒక పిల్లాడి కేసు వచ్చే ఏరియా ఆసుపత్రుల మత్తు డాక్టర్ల కోసం, థియేటర్ సిస్టర్ల కోసం, టెక్నీషియన్ల కోసం. వ్యాసం చదివి ఎవరూ ట్యూబ్ వెయ్యడం నేర్చుకోలేరు. అది బొమ్మ మీద సాధన చేసి, ఆ తర్వాత పెద్ద డాక్టరు పక్కన నిలబడి నేర్చుకోవలసిన పని. నేర్చుకున్నవాళ్లు కంగారులో మరిచిపోయే సంగతులను గుర్తు చేయడమే ఇక్కడ నా ఉద్దేశం. తల్లిదండ్రుల వంతు పనులు కూడా కొన్ని ఉన్నాయి. ముందు అవే చెబుతాను.

ఇంటి దగ్గర, వార్డులో

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి. ఆపరేషన్ తేదీ దొరకడమే కష్టమైందని, మళ్లీ రానుపోను ఖర్చులని చాలామంది ముక్కు తుడిచి తీసుకొస్తారు. ఆ ఇబ్బంది నిజమైనదే. కానీ జలుబు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు శ్వాసనాళం చిన్న తాకిడికే బిగుసుకుపోయే స్థితిలో ఉంటుంది. ఆగదగిన ఆపరేషన్ అయితే కనీసం రెండు వారాలు వాయిదా వేయడం మేలు. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ కాలుస్తుంటే అదీ చెప్పండి. ఆ పొగ పీల్చే పిల్లలకు మత్తులో గొంతు మూసుకుపోయే అవకాశం ఎక్కువ.

కడుపు ఖాళీగా ఉంచే గంటలను డాక్టరు చెప్పినట్టే పాటించండి. అన్నం, టిఫిన్, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు. ఇది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. ఇప్పుడు కొన్నిచోట్ల నీళ్లు గంట ముందు దాకా ఇవ్వనిస్తున్నారు. చెప్పిన గంటకన్నా ముందే అన్నీ ఆపేసి పసివాణ్ణి రాత్రంతా మాడ్చడం కూడా తప్పే. ఇక ఏడుపు చూడలేక తల్లో నాయనమ్మో చాటుగా పాలు పట్టిస్తే, అది జరగని విషయమేమీ కాదు, వెంటనే సిస్టర్‌కు చెప్పండి. ఎవరూ తిట్టకూడదు, తిట్టరు. వరస మారుతుంది, అంతే. చెప్పకపోతే ఆ పాలు మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఊడబోయే పన్ను ఉంటే చూపించండి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఇది మామూలే. కదిలే పాలపన్ను లారింగోస్కోప్ తగిలి ఊడి శ్వాసనాళంలో పడితే వేరే ఆపరేషన్ అవుతుంది.

బుగ్గ మీద దిష్టిచుక్క, ముఖానికి పౌడరు, తలకు జారిపోయేంత కొబ్బరినూనె ఆరోజు వద్దు. నమ్మకాన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ట్యూబును పట్టి ఉంచేది బుగ్గ మీద వేసే ప్లాస్టరే. కాటుక, నూనె ఉన్నచోట అది అంటదు, ఆపరేషన్ మధ్యలో ఊడివస్తుంది. చుక్క పెట్టాల్సిందే అనుకుంటే అరికాలికి పెట్టండి. గోళ్లకు రంగు ఉంటే తీసేయండి, గోరింటాకు బాగా పండి ఉంటే చెప్పండి, ఆక్సిజన్ చూపే క్లిప్పు చెవికి పెడతారు.

ఇంకో ప్రశ్న మత్తు డాక్టరు అడగాలి, అడగకపోతే తల్లిదండ్రులే చెప్పాలి. బాబు నడక ఆలస్యంగా వచ్చిందా? కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తాడా? పిక్కలు లావుగా ఉన్నాయా? కండరాల జబ్బు పైకి తెలియకుండా ఉన్న పిల్లవాడికి సక్సమిథోనియం ఇస్తే పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. 1990లలో అమెరికాలో ఆ మందు డబ్బాల మీద ఈ హెచ్చరిక అచ్చువేయించారు. అందుకే పిల్లల్లో అది అత్యవసరానికే తప్ప రోజువారీ వాడకానికి కాదు. మేనమామ కొడుక్కో, అన్నదమ్ముల్లో ఒకరికో మత్తులో ఏదైనా జరిగి ఉంటే అది కూడా చెప్పాలి.

బల్ల సర్దుకోవడం

పిల్లాణ్ణి లోపలికి తెచ్చాక వెతుక్కోకూడదు. ఏం కావాలో అన్నీ బల్ల మీద కంటికి కనబడాలి.

ట్యూబు సైజు వయసును బట్టి. కఫ్ ఉన్న ట్యూబుకు వయసును నాలుగుతో భాగించి 3.5 కలపాలి. కఫ్ లేనిదానికి 4 కలపాలి. నాలుగేళ్ల పాపకు కఫ్ ట్యూబ్ 4.5 అవుతుంది. బల్ల మీద 4, 5 కూడా ఉండాలి. నోటి దగ్గర లోతుకు వయసులో సగానికి 12 కలిపితే 14 సెంటీమీటర్లు. ఈ సూత్రాలు రెండేళ్లు దాటినవాళ్లకు. నెలలు నిండి పుట్టిన మూడు కిలోల బిడ్డకు కఫ్ ఉంటే 3, లేకుంటే 3.5, లోతుకు బరువుకు 6 కలిపి పెదవి దగ్గర 9 సెంటీమీటర్లు. కిలోలోపు బిడ్డకు 2.5. వయసుకు తగ్గ ఎదుగుదల లేని బిడ్డల విషయంలో ఏ సూత్రాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు స్వరపేటిక కింది భాగం ఇరుకుగా ఉండవచ్చు, అర సైజు తగ్గించుకోండి. మెడను కూడా బలంగా వంచొద్దు.

కఫ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు కఫ్ ట్యూబు వెయ్యకూడదని యాభయ్యేళ్లు పాఠాలు చెప్పారు. దాని మూలం 1951లో ఎకెన్‌హాఫ్ రాసిన వ్యాసం. ఆ వ్యాసానికి మూలం 1897లో బయ్యూ అనే ఫ్రెంచి వైద్యుడు చనిపోయిన పిల్లల స్వరపేటికల్లో ప్లాస్టర్ పోసి తీసిన అచ్చులు. ఆ అచ్చుల్లో క్రికాయిడ్ దగ్గరే అన్నిటికంటే ఇరుకుగా, గరాటులా కనిపించింది. బతికున్న పిల్లలను ఎమ్మారైతో చూసి 2003లో లిట్‌మన్ బృందం అన్నిటికంటే ఇరుకైనది క్రికాయిడ్ కాదని రాసింది. అయినా క్రికాయిడ్ సాగని ఉంగరం అన్నమాట మాత్రం నిజమే. ఇక 2009లో ఐరోపాలోని ఆసుపత్రులు కలిసి ఐదేళ్ల లోపు 2,246 మంది పిల్లలపై చేసిన పరిశీలనలో, ట్యూబు తీశాక ఊపిరిలో కీచుశబ్దం (స్ట్రైడర్) కఫ్ వాడినవాళ్లలో 4.4 శాతం, వాడనివాళ్లలో 4.7 శాతం. అంటే తేడా లేదు. సైజు కుదరక ట్యూబు మార్చవలసి వచ్చింది మాత్రం కఫ్ ఉన్నవాళ్లలో 2.1 శాతమే, లేనివాళ్లలో 30.8 శాతం. మార్చిన ప్రతిసారీ గొంతు మరోసారి గీరుకుపోతుందని గుర్తుంచుకుంటే ఈ అంకెకు విలువ తెలుస్తుంది.

కానీ ఆ ఫలితం పలుచని కఫ్ చివరి దగ్గరగా ఉండే మంచి ట్యూబులది. కఫ్ బాగా పైకి ఉండే పాతరకం చవక ట్యూబుకు ఆ అంకెలు వర్తించవు. స్టోర్స్‌లో ఏది ఉందో విప్పి చూడండి. మూడు కిలోల లోపు బిడ్డకు ఇప్పటికీ కఫ్ లేనిదే వాడడం మామూలు.

లారింగోస్కోప్ లైటు వెలుగుతోందో లేదో ముందే చూడండి, పక్కన ఇంకో హ్యాండిల్ ఉంచండి. సక్షన్ ఆన్ చేసి తలగడ కింద పెట్టండి, గోడకు కాదు. మూడు సైజుల మాస్కులు, నోటి ఎయిర్‌వే, బరువుకు తగ్గ లారింజియల్ మాస్కు. ఐదు కిలోల లోపు 1, ఆపైన 10 దాకా 1.5, 20 దాకా 2. జాక్సన్ రీస్ సర్క్యూట్ బ్యాగు లీకు లేకుండా చూడండి. అట్రోపిన్, సక్సమిథోనియం, అడ్రినలిన్ బరువు లెక్కగట్టి సిరంజిల్లో పేరు రాసి ఉండాలి. ఆపద వచ్చాక గుణకారాలు చేసే మనిషి తప్పు చేస్తాడు.

తల పెట్టే తీరు

పెద్దవాళ్లకు తల కింద దిండు పెడతాం. పసివాడికి తల వెనకభాగమే పెద్దది, వెల్లకిలా పడుకోబెడితే గడ్డం ఛాతీ మీదికి వంగి దారి మూసుకుంటుంది. ఏడాదిలోపు బిడ్డకు భుజాల కింద మడతపెట్టిన చిన్న తువ్వాలు, తల కదలకుండా మెత్తటి రింగు. చెవి రంధ్రం, ఛాతీ ముందుభాగం ఒకే ఎత్తులో ఉంటే సరిపోయినట్టే. మెడను వెనక్కి విపరీతంగా విరవకండి. అలా చేస్తే స్వరపేటిక ఇంకా ముందుకి, కంటికి అందకుండా పోతుంది. పిల్లలకది అసలే పెద్దవాళ్లకంటే ఎత్తులో ఉంటుంది.

ముందు ఊపిరి

బ్యాగ్-మాస్కుతో ఊపిరి అందించగలగడం ట్యూబు వెయ్యడంకంటే పెద్ద విద్య. ఇందులో చేయి తిరిగితే మిగతాదానికి భయపడాల్సింది తగ్గుతుంది. పీజీలు మొదటి ఆరు నెలలు దీని మీద పెట్టే శ్రద్ధ వృథా పోదు.

మాస్కు పట్టుకున్న చేతి వేళ్లు దవడ ఎముక మీదే ఉండాలి. గడ్డం కింద మెత్తటి భాగంలో వేళ్లు నొక్కితే నాలుక పైకి లేచి అంగిలికి అతుక్కుంటుంది. ఛాతీ లేవట్లేదని ఇంకా గట్టిగా నొక్కేవాళ్లను చూస్తుంటాం. వేళ్లు అరంగుళం జరిపితే చాలు, ఛాతీ లేస్తుంది. అయినా కుదరకపోతే ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకుని ఇంకొకరు బ్యాగు నొక్కాలి.

బ్యాగును బలంగా పిండకండి. గాలి కడుపులోకి పోతే పొట్ట ఉబ్బి డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. ఆక్సిజన్ ఎంత ఇచ్చినా శాతం పెరగని బిడ్డకు నోటి గుండా సన్నటి గొట్టం వేసి పొట్టలో గాలి లాగేస్తే అంకె చకచకా పెరగడం చాలాసార్లు కనబడుతుంది.

కడుపు నిండి ఉన్న కేసులో పెద్దవాళ్లకు చేసినట్టు ఊపిరి ఇవ్వకుండా చేతులు కట్టుకుని నిలబడే పద్ధతి పసివాళ్లకు పనికిరాదు. పూర్తి మత్తు, కండరాలు సడలే మందు ఇచ్చి, 10, 12 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకుండా మెల్లగా ఊపిరి ఇస్తూ ఉండండి. చాలని మత్తులో ట్యూబు వెయ్యబోవడం, దగ్గించి వాంతి చేయించి గొంతు బిగిసేలా చేయడం, ఇదే అసలు ప్రమాదం.

లారింగోస్కోపీ చేస్తున్నంతసేపూ ముక్కు దగ్గర చిన్న ప్రాంగ్స్‌తో ఆక్సిజన్ పోనివ్వండి. అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే సంఘం 2016లో పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దీన్ని గట్టిగా చెప్పాయి. దీనికి ఖర్చు లేదు. చిన్న ఆసుపత్రిలో కూడా చేయగలిగినది.

బ్లేడు లోపలికి వెళ్లాక

పసివాడి ఎపిగ్లాటిస్ పొడవుగా, మెత్తగా, తడిసిన ఆకులా స్వరపేటిక మీదికి వాలి ఉంటుంది. వంపు బ్లేడుతో దాని ముందరి సందులో నొక్కితే అది ప్రతిసారీ లేవదు. ఇక్కడ పనికొచ్చేది తిన్నని బ్లేడు. రాబర్ట్ మిల్లర్ 1941లో దాన్ని చేశాడు, 1946లో పసివాళ్లకు చిన్నది చేశాడు. దానితో ఎపిగ్లాటిస్‌నే నేరుగా ఎత్తవచ్చు. ఏడాది దాటినవాళ్లకు వంపు బ్లేడు చాలామందికి అలవాటు. ఏది చేతికి అలవాటైతే అది వాడండి, కానీ రెండూ బల్ల మీద ఉండాలి.

నోటి కుడివైపు నుంచి బ్లేడు పెట్టి నాలుకను ఎడమకు నెట్టండి. ఎత్తేటప్పుడు చిగుళ్ల మీద ఆనించి తిప్పకండి, హ్యాండిల్ పట్టుకున్న చేయి మొత్తంగా ముందుకి, పైకి కదలాలి. పసివాడి విషయంలో ఆ ఎడమచేతి చిటికెనవేలే బయటి నుంచి స్వరపేటికను మెల్లగా కిందికి నొక్కగలదు. బ్లేడు ఎత్తుతూనే చిటికెనవేలితో ఒక్క ఒత్తు ఒత్తితే, అంతదాకా కనబడని స్వరతంత్రులు తెల్లగా కళ్లముందుకి దిగివస్తాయి. ఇంకొకరి చేతితో నొక్కించే అవసరం సగం తగ్గుతుంది.

ట్యూబు మీద నల్లగీత స్వరతంత్రుల మధ్య ఉండాలి. స్వరతంత్రులు దాటాక ఆగిపోతే తోయకండి. ట్యూబు చివరి వాలు ముందు గోడకు తగులుతోందేమో, కొంచెం తిప్పి చూడండి. అప్పటికీ పోకపోతే అర సైజు చిన్నది తీసుకోండి. స్టైలెట్ ట్యూబు చివర దాటి బయటికి రాకూడదు. శ్వాసనాళం గోడను చీల్చేది అదే.

ఎందుకింత జాగ్రత్త అంటే, 4 మిల్లీమీటర్ల వెడల్పున్న శ్వాసనాళంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపొస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లు. గాలి పోయే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, గాలికి అడ్డు పదహారు రెట్లు అవుతుంది. పెద్దవాళ్లకు అదే వాపు వస్తే గొంతు నొప్పి.

వీడియో లారింగోస్కోప్ ఉన్నచోట ఏడాది లోపు బిడ్డకు మొదటిసారే దాన్ని వాడండి. 2020లో లాన్సెట్‌లో వచ్చిన పరిశీలనలో 552 మంది పసివాళ్లలో మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడ్డది వీడియోతో 93 శాతం, మామూలు లారింగోస్కోప్‌తో 88 శాతం. నవజాత శిశువులు, పసివాళ్ల విషయంలో 2024లో ఐరోపా అనస్థీషియా సంఘం సూచించింది కూడా ఇదే. దీనికింకో లాభం ఉంది. తెర మీద అందరికీ కనబడుతుంది కాబట్టి, పక్కన నిలబడ్డ సీనియర్ "ఇంకొంచెం ఎడమకు" అని చెప్పగలడు. కానీ తెర మీద స్వరతంత్రులు బాగా కనబడుతున్నాయని బిడ్డ సాచురేషన్ మరిచిపోయి ట్యూబు తోస్తూ కూర్చునే ప్రమాదం కూడా దీనికే ఉంది.

ఎన్నిసార్లు?

ఇదే ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం.

2016లో ప్రచురించిన ఒక అమెరికా రిజిస్ట్రీలో, ట్యూబు వెయ్యడం కష్టమైన 1,018 మంది పిల్లల వివరాలున్నాయి. అందులో ఐదో వంతు మందికి ఏదో ఒక ప్రమాదం ఎదురైంది. 15 మందికి గుండె ఆగింది. ప్రమాదాలతో ముడిపడినవాటిలో ముందున్నది, రెండుకు మించిన ప్రయత్నాలు. పది కిలోల లోపు బరువు కూడా వాటిలో ఉంది. మామూలు లారింగోస్కోప్‌తోనే మూడుసార్లు ప్రయత్నించి ఆ తర్వాత గానీ పద్ధతి మార్చనివాళ్ల దగ్గర కూడా ప్రమాదాలు ఎక్కువే.

ప్రతి ప్రయత్నానికి గొంతు వాస్తుంది, రక్తం చిమ్ముతుంది, రెండోసారి కనబడ్డది మూడోసారి కనబడదు. మొదట మాస్కుతో ఊపిరి అందిన బిడ్డకు నాలుగో ప్రయత్నం తర్వాత మాస్కుతో కూడా అందకపోవచ్చు.

కాబట్టి లెక్క పైకి చెప్పించండి. సిస్టర్‌కు ముందే చెప్పి ఉంచాలి. "సిస్టర్, బ్లేడు పెట్టిన దగ్గర నుంచి టైము చెప్పండి. ఎన్నోసారో కూడా గట్టిగా చెప్పండి." అని. ఆమె "ముప్పై సెకన్లు సార్" అంటే బ్లేడు బయటికి రావాలి. శాతం 93, 94కి దిగితే టైముతో పని లేదు, అప్పుడే ఆపి మాస్కు పెట్టాలి. ఆక్సిమీటర్ చప్పుడు ఆపేయకండి. శాతం తగ్గేకొద్దీ ఆ శబ్దం స్థాయి దిగుతుంది, గొంతులోకి చూస్తున్న మనిషి చెవికి అదొక్కటే హెచ్చరిక. పసివాడికి గుండె వేగం తగ్గుతోందంటే అది దాదాపు ఎప్పుడూ ఆక్సిజన్ చాలకే. ముందు అట్రోపిన్ వెతకడం కాదు, ఊపిరి ఇవ్వడం. 60 కన్నా దిగి రక్తప్రసరణ సరిగా లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మొదటిసారి పడకపోతే అదే పని అలాగే మళ్లీ చేయకండి. ఏదో ఒకటి మార్చండి. తల, బ్లేడు, ట్యూబు సైజు, లేదా చేతులు. రెండోసారి కూడా పడకపోతే లారింజియల్ మాస్కు వేసి ఊపిరి కుదుర్చుకోండి, పెద్ద డాక్టరును పిలవండి. వాయిదా వేయగల ఆపరేషన్ అయితే బిడ్డను లేపండి. హెర్నియాకు వచ్చిన పిల్లాణ్ణి ట్యూబు పడలేదని ఇంటికి పంపడంలో ఎవరికీ అవమానం లేదు. సహాయానికి పిలిచిన జూనియర్‌ను "ఇంత చిన్నదానికా?" అని కసిరే సీనియర్ ఉన్న థియేటర్లో తర్వాతి బిడ్డకు పిలుపు ఆలస్యమవుతుంది. ఐరోపాలో 33 దేశాల్లో 31,127 అనస్థీషియాలను గమనించి 2017లో ప్రచురించిన ఎప్రికాట్ అధ్యయనంలో 5.2 శాతం కేసుల్లో తీవ్రమైన ఆపద వచ్చింది, అందులో శ్వాసకు సంబంధించినవే ఎక్కువ. డాక్టరు అనుభవం పెరిగేకొద్దీ ఆ ముప్పు తగ్గింది. అందుకే పిలవాలి.

లోపల పడిందా, ఎక్కడ పడింది?

స్టెతస్కోపును ఒక్కదాన్నే నమ్మకండి. చిన్న ఛాతీలో శబ్దం అటూ ఇటూ పాకుతుంది. ట్యూబు అన్నవాహికలో ఉన్నా రెండువైపులా ఊపిరి వినబడ్డట్టే ఉంటుంది. ట్యూబులో ఆవిరి పట్టడాన్నీ నమ్మకండి. ఛాతీ లేచిందన్నది కూడా చాలదు.

నమ్మవలసింది క్యాప్నోగ్రాఫ్ మీద వచ్చే కార్బన్ డయాక్సైడ్ గీతను. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం కనీసం ఏడు ఊపిర్లపాటు ఆ అలలు నిలిచి ఉండాలి, ఎత్తు కనీసం 7.5 మిల్లీమీటర్ల పాదరసం ఉండాలి. అలలు రాకపోయినా, వచ్చి రెండుమూడు ఊపిర్లకే చదునైపోయినా, ట్యూబు తప్పుచోట ఉందని అనుకుని తీసేయాలి. "నేను కళ్లారా చూశాను సార్, స్వరతంత్రుల మధ్యే వెళ్లింది" అన్న మాట అక్కడ చెల్లదు. గుండె ఆగిన బిడ్డకు కూడా ఛాతీ నొక్కుతుంటే చిన్న అలలైనా వస్తాయి కాబట్టి, గుండె ఆగింది గనుక గీత రాలేదనుకోవడం ఘోరమైన పొరపాటు. మానిటర్ లేని చోట రంగు మారే డిటెక్టర్ అయినా ఉండాలి. ఊదా నుంచి పసుపుకు మారి, ప్రతి ఊపిరికీ మారుతూ ఉండాలి. క్యాప్నోగ్రాఫ్ లేకుండా పిల్లల ఆపరేషన్లు చేసే థియేటర్ తొలి కొనుగోలు అదే కావాలని గట్టిగా చెబుతాను.

లోపల ఉన్నట్టు తేలాక లోతు చూడాలి. నవజాత శిశువు శ్వాసనాళం మొత్తం పొడవే 4, 5 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు లోపలికి జారితే కుడి ఊపిరితిత్తిలోకి పోతుంది, ఒక్క సెంటీమీటరు బయటికొస్తే ఊడిపోతుంది. గడ్డం ఎటు కదిలితే ట్యూబు చివర అటు కదులుతుంది: తల వంచితే లోపలికి, వెనక్కి వాల్చితే పైకి. బిడ్డను తిప్పి పడుకోబెట్టిన ప్రతిసారీ, సర్జన్ తల సర్దిన ప్రతిసారీ మళ్లీ చూడండి. పెదవి దగ్గరి అంకెను గట్టిగా చెప్పి కేస్ షీటులో రాయించండి.

కఫ్‌ను వేలితో నొక్కి అంచనా వేయకండి. మానోమీటరుతో 20 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకుండా చూడండి. నైట్రస్ ఆక్సైడ్ వాడుతుంటే అది కఫ్‌లోకి చొరబడి పీడనం పెంచుతుంది. మధ్యమధ్యలో మళ్లీ కొలవండి.

తర్వాతెప్పుడైనా శాతం పడితే నాలుగు సంగతులు వరసగా చూడాలి: ట్యూబు జరిగిందా, మూసుకుందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, మిషను చెడిందా. 3 మిల్లీమీటర్ల ట్యూబును మూయడానికి ఒక్క చుక్క చిక్కటి కఫం చాలు. అనుమానం తేలకపోతే ట్యూబు తీసి మాస్కు పెట్టండి.

కొందరు ప్రత్యేకమైన పిల్లలు

గ్రహణమొర్రి, అంగిలి చీలిక ఉన్న బిడ్డకు బ్లేడు చీలికలోకి జారుతుంది. తడిపిన గాజ్ గుడ్డ మడత అందులో పెడితే ఆగుతుంది. ఈ ఆపరేషన్లకు పెదవి దగ్గరే కిందికి వంగిన ట్యూబు వాడతారు. 1975లో రింగ్, అడెయిర్, ఎల్విన్ అనే ముగ్గురు రూపొందించినది, వాళ్ల పేర్లతోనే ఆర్ఏఈ అంటారు. దాని వంపు వల్ల లోతు మన చేతిలో ఉండదు గనుక రెండువైపులా ఊపిరి జాగ్రత్తగా వినాలి. సర్జన్ నోరు తెరిచే గ్యాగు బిగించగానే ట్యూబు నలిగి శ్వాస పీడనం పెరగవచ్చు. ఆ క్షణంలో కళ్లు మానిటర్ మీద ఉండాలి, సర్జన్‌ను విప్పమని చెప్పడానికి మొహమాటం వద్దు. గొంతులో గాజ్ గుడ్డ ప్యాక్ పెడితే బోర్డు మీద రాయండి, తీసినప్పుడు కొట్టేయండి.

దవడ వెనక్కి ఉన్న పియర్ రాబిన్ బిడ్డలు, చిన్నప్పుడు కిందపడో చెవికి చీము పట్టో దవడ కీలు బిగుసుకుని నోరు తెరుచుకోని పిల్లలు, కాలిన గాయంతో మెడ ఛాతీకి అతుక్కుపోయినవాళ్లు, మ్యూకోపాలీశాకరిడోసిస్ (ఎమ్‌పీఎస్) జబ్బులతో నాలుక, గొంతు దళసరెక్కినవాళ్లు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో ఈ చివరివాళ్లు అప్పుడప్పుడు తగులుతారు. వీళ్లెవరికీ సన్నటి పిల్లల ఫైబర్ స్కోపు, దాన్ని వాడే చేతులు, గొంతు కోసి దారి చేయగల ఈఎన్‌టీ సర్జన్ లేనిచోట మత్తివ్వకండి. ముందే పెద్దాసుపత్రికి పంపండి. పసివాడి మెడలో సూది గుచ్చి ఊపిరి ఇవ్వడం పుస్తకంలో ఉన్నంత తేలిక కాదు. ఆ వేలెడంత మెడలో క్రికాయిడ్ పొర చేతికే అందదు.

వేరుశనగ గింజ, సీతాఫలం గింజ, చింతగింజ శ్వాసనాళంలోకి పోయిన పిల్లలు. తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి: కిందికి దిగుతుందని అరటిపండో అన్నం ముద్దో మింగించకండి, కనబడకుండా నోట్లో వేలు పెట్టి కెలకకండి. థియేటర్లో సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ ఒకే దారిని పంచుకోవాలి. ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో మత్తుకు ముందే మాట్లాడుకోండి. చాలామంది బిడ్డ తనంతట ఊపిరి తీసుకుంటుండగానే మత్తు పట్టించడానికి ఇష్టపడతారు. గట్టిగా గాలి నొక్కితే గింజ ఇంకా లోతుకు పోయే భయం ఉంటుంది.

తీసేటప్పుడు

ట్యూబు తీయడం కూడా ప్రమాదమే. అప్పటికి అందరూ అలసి ఉంటారు, తర్వాతి కేసు బయట ఎదురుచూస్తుంటుంది, ధ్యాస సడలుతుంది. బిడ్డ పూర్తిగా లేచి కళ్లు తెరిచి చేతులు కదిలించేటప్పుడు గానీ, బాగా లోతైన మత్తులో ఉన్నప్పుడు గానీ తీయండి. మధ్యస్థితిలో, సగం మత్తులో తీయకండి. గొంతు బిగిసేది అప్పుడే. తీసేముందు గొంతులో ఊట, రక్తం శుభ్రం చేయాలి. తీశాక కెలకకూడదు.

గొంతు బిగుసుకుంటే ఛాతీ లోపలికి పీక్కుంటుంది, శబ్దం ఉండదు. నూరు శాతం ఆక్సిజన్, మాస్కు గట్టిగా, దవడ ముందుకి. పట్టు వదలకపోతే ప్రొపోఫాల్. అప్పటికీ వదలకుండా శాతం పడుతుంటే సక్సమిథోనియం కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు నరంలో, అట్రోపిన్‌తో పాటు. నరం దొరకకపోతే కండరంలో కిలోకు 4. సిరంజి ముందే ఎందుకు నింపి ఉంచమన్నానో అప్పుడు అర్థమవుతుంది.

వార్డుకు పంపేటప్పుడు బిడ్డను పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ ఇస్తూ, క్లిప్పు పెట్టే పంపండి. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమన్న శబ్దం, కుక్క మొరిగినట్టు దగ్గు, పక్కటెముకల మధ్య గుంటలు పడడం తొలి గంటల్లో కనిపించవచ్చు. తల్లికి ఇది చూపించి చెప్పండి: "అమ్మా, ఇలా వినిపిస్తే పిల్లాణ్ణి వదిలి వెళ్లకండి, ఎవరినైనా పంపి సిస్టర్‌ను పిలిపించండి." సిస్టర్‌కు మత్తు డాక్టరు ఫోన్ నంబరు కేస్ షీటు మొదటి పేజీలోనే ఉండాలి. డెక్సామెథాసోన్, అడ్రినలిన్ నెబ్యులైజేషన్ వార్డులోనే అందుబాటులో ఉండాలి. నెబ్యులైజేషన్‌తో తగ్గిన శబ్దం రెండు గంటల్లో తిరిగి రావచ్చు, కాబట్టి ఆ బిడ్డను ఆ సాయంత్రం ఇంటికి పంపకండి.